స్థిర విలువకు "ఐ" మేలా, "ఆర్" మేలా?

జీసీసీ కంపైలర్‌లో ఇన్‌లైన్ అసెంబ్లీ (సీ కోడ్ మధ్యలో నేరుగా ప్రాసెసర్ ఆదేశాలు) రాసేటప్పుడు స్థిర విలువను పంపడానికి రెండు దారులున్నాయి: "ఆర్" (r), "ఐ" (i) అనే నిబంధన అక్షరాలు.

"ఆర్" అని రాస్తే కంపైలర్ ఆ విలువను ముందుగా ఒక రిజిస్టర్‌లోకి (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ చోటు) ఎక్కించి, రిజిస్టర్ పేరును మన ఆదేశంలో పెడుతుంది. స్థిరాంకమైనా చరరాశి అయినా దానికి ఒకటే. ఖర్చల్లా ఒక రిజిస్టర్, తరచుగా అదనంగా ఒక మూవ్ (విలువను చేరవేసే ఆదేశం).

"ఐ" అయితే అంకె నేరుగా ఆదేశంలోనే ఉంటుంది. చిక్కేమిటంటే, అది స్థిరమని కంపైలర్‌కు రుజువు కావాలి. ఒకసారి ఇన్‌లైన్ ఫంక్షన్‌కు (పిలిచినచోటే దాని కోడ్ కలిసిపోవాలని కోరేది) 5 పంపి, లోపల ఆ పరామితిని "ఐ"తో వాడాను. ఆప్టిమైజేషన్ ఉండే ఓ2 స్థాయితో చక్కగా కంపైల్ అయింది. డీబగ్ కోసం ఆప్టిమైజేషన్ లేని ఓ0 పెట్టగానే అసాధ్యమైన నిబంధన అంటూ మొండికేసింది. ఆప్టిమైజేషన్ లేనప్పుడు ఫంక్షన్ పిలిచినచోట కలిసిపోదు. నా 5 కాస్తా మామూలు చరరాశి అయిపోయింది. మాక్రోగా (కంపైల్‌కు ముందే వాడినచోట అతికే కోడ్ ముక్క) మార్చాక గానీ దారికి రాలేదు.

అసలు ఒక్కదాన్నే ఎంచుకోవాలన్న పట్టింపు దేనికి? ఎక్స్86 ప్రాసెసర్లలో పోర్టుకు, అంటే పరికరానికి ఉండే సంఖ్యా చిరునామాకు, విలువ పంపే ఔట్ ఆదేశం చూడండి. పోర్టు సంఖ్య 255 లోపు ఉంటే ఆదేశంలోనే ఇమిడిపోతుంది. మొదటి సీరియల్ పోర్టు 1016. అది డీఎక్స్ రిజిస్టర్ ద్వారానే వెళ్లాలి. ఇక్కడ "ఐ" చాలదు, ఏ రిజిస్టర్ అయినా సరేననే "ఆర్" అసలే కుదరదు. లినక్స్ కెర్నల్ పెద్ద ఎన్ (N), చిన్న డీ (d) అనే రెండు నిబంధన అక్షరాలను పక్కపక్కనే రాస్తుంది: చిన్న స్థిరాంకమైతే నేరుగా, లేదంటే డీఎక్స్‌లో. ఓ0లోనూ పేచీ ఉండదు.