విక్టోరినాక్స్ క్యాడెట్ టైగర్ ఆరెంజ్ 2021: కొన్నప్పట్నుంచీ జేబులోనే

2021లో కొన్నా ఈ క్యాడెట్ ఆలాక్స్ మడత చాకు, అప్పట్నుంచి రోజూ ప్యాంటు జేబులోనే ఉంటోంది కాబట్టి ఇప్పుడు దీని గురించి రాయొచ్చు అనిపించింది. తెలియనివాళ్ళకి, విక్టోరినాక్స్ అనే ఈ స్విస్ చాకుల కంపెనీ ఆలాక్స్, అంటే గరుకు గళ్ళున్న అల్యూమినియం పిడి మోడల్స్‌లో ఏటా ఒక కొత్త రంగు లిమిటెడ్ ఎడిషన్‌గా తెస్తుంది, వెనకవైపు ఆ సంవత్సరం చెక్కి ఉంటుంది. 2019 షాంపేన్, 2020 ఆక్వా బ్లూ, 2021 ఈ టైగర్ ఆరెంజ్, 2022 థండర్ గ్రే. మోడల్స్‌లో 58 మి.మీ. పొడవుండే క్లాసిక్ తాళాల గుత్తికి, 84 మి.మీ. క్యాడెట్ జేబుకి, 93 మి.మీ. పయనీర్ ఎక్స్ కత్తెర కూడా కావాలనుకునేవాళ్ళకి.

ముందే చెప్పేస్తున్నా, మామూలు సిల్వర్ క్యాడెట్‌కీ దీనికీ పనిలో వెంట్రుకవాసి తేడా లేదు, అదే స్టీలు, అవే పనిముట్లు. మిల్క్‌మెయిడ్ డబ్బా దీంతోనే తెరుస్తాం, కుక్కర్ పిడి స్క్రూ వదులైతే సీసా మూత తీసేదాని కొనతో బిగిస్తా, కొరియర్ అట్టపెట్టెలు కోస్తే బ్లేడు త్వరగానే మొద్దుబారుతుంది గానీ సానరాయి మీద అయిదు నిమిషాలు తిప్పితే మళ్ళీ మామిడికాయ తొక్క పల్చగా లేస్తుంది. మాది విశాఖ, సముద్రపు గాలి, అందుకే నిమ్మకాయ కోసినరోజు కడిగి తుడిచి కీళ్ళ దగ్గర ఒక్క చుక్క నూనె వేస్తా, ఇప్పటిదాకా తుప్పు లేదు. కత్తెర లేకపోవడమే నాకు పెద్ద లోటు. ట్వీజర్లు కూడా ఉండవు, వేలికి ముల్లు గుచ్చుకున్నప్పుడు తెలిసింది ఆ సంగతి.

మరి పని ఒకటే అయినప్పుడు ఎక్కువ డబ్బు ఎందుకు పెట్టాలి అంటే, నాకు జవాబు దొరికింది ఒకటి పోయాక. ఆక్వా బ్లూ క్లాసిక్ ఒకటి ఉండేది నా దగ్గర, తాళాలతో పాటు క్యాబిన్ బ్యాగులో మర్చిపోయా, ఎయిర్‌పోర్ట్ చెకింగ్‌లో తీసేసుకున్నారు, చాకు క్యాబిన్‌లోకి తీసుకెళ్ళకూడదు కాబట్టి వాళ్ళు చేసింది సబబే. సిల్వర్‌దైతే మర్నాడే ఇంకోటి కొనేవాణ్ణి. ఆ ఆక్వా బ్లూ అలా కాదు కదా, ఆ ఏడాది అయిపోయింది, పాతవి అమ్మేవాళ్ళ దగ్గర అడిగితే నేను కొన్నదానికి దాదాపు రెట్టింపు చెప్పారు, నెలల తరబడి వెతికి ఊరుకున్నా. ఆ బాధ చాకు పోయినందుకు కాదు, 2020 అని చెక్కి ఉన్న ఆ ఒక్కటి పోయినందుకు.

ఈ ఆరెంజ్‌ది రెండోది కూడా కొన్నా, పెట్టెలోంచి తియ్యకుండా దాచా. నిజంగా చెప్తున్నా, దాన్ని చూస్తే నాకేమీ అనిపించదు. జేబులో ఉన్నదానికి మూలల్లో రంగు అరిగి లోపలి తెలుపు కనబడుతోంది, పిడి మీద తాళాల గీతలు, 2021 అన్న అంకెలు ఇంకా స్పష్టంగానే ఉన్నాయి, మా పాప పుట్టింది ఆ ఏడే. అరగని కొత్తది ఎవరైనా ఇస్తానన్నా దీన్ని మార్చుకోను. పెట్టెలో ఉన్నది మాత్రం మా తమ్ముడికి ఇచ్చేస్తున్నా, వాడైతే వాడతాడు.