బ్రాయిలర్ దాణాలో ఈస్ట్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

షాద్‌నగర్ వైపు మాకు బ్రాయిలర్ షెడ్లు ఉన్నాయి. ఇంటిగ్రేషన్‌లో లేము, అంటే కోడిపిల్లలు, దాణా కంపెనీయే ఇచ్చి రైతు పెంచే పద్ధతి మాది కాదు. మొక్కజొన్న, సోయా చెక్క కొని దాణా మేమే కలుపుకుంటాం. కొన్నేళ్లుగా అందులో ఈస్ట్ కూడా వేస్తున్నాం. "బరువెంత పెరుగుతుంది అన్నా?" అని అందరూ అడుగుతారు. నేను మాత్రం ముందు లిట్టర్, అంటే షెడ్డులో కోళ్ల కింద పరిచే ఊక, చూడమంటాను.

వానాకాలంలో మా పెద్ద టెన్షన్ తడి లిట్టరే. రెట్ట పలచబడి ఊక ముద్దకడితే అమ్మోనియా ఘాటు లేస్తుంది, కోళ్ల కళ్లు మండుతాయి, అరికాళ్లకు పుండ్లు పడతాయి. ఈస్ట్ వేయడం మొదలుపెట్టాక రెట్ట గట్టిపడింది, ఊక తిరగేసే పని తగ్గింది. బరువులో తేడా కొన్ని బ్యాచ్‌లలో బాగానే కనిపించింది, కొన్నిటిలో అంతంతమాత్రమే. పిల్ల నాణ్యత బాగుండి, షెడ్డు శుభ్రంగా ఉన్నప్పుడు ఈస్ట్ వల్ల అదనంగా వచ్చే లాభం పెద్దగా ఉండదు. పేగు దెబ్బతినే పరిస్థితి ఉన్నప్పుడే దాని విలువ తెలుస్తుంది.

హైటెక్స్‌లో ఏటా జరిగే పౌల్ట్రీ ఎక్స్‌పోకి వెళ్తే ఈస్ట్ అమ్మే స్టాళ్లు చాలా కనిపిస్తాయి. కానీ అన్నీ ఒకటి కాదు. లైవ్ ఈస్ట్ అంటే ప్రాణమున్న కణాలు. పెల్లెట్ (గుళికల దాణా) తయారీలో వేడి దాదాపు 80 డిగ్రీలకు చేరుతుంది కాబట్టి మామూలు లైవ్ ఈస్ట్‌లో చాలా భాగం అక్కడే చచ్చిపోతుంది. మ్యాష్ (పొడి) దాణా వాడేవాళ్లకే అది సరిపోతుంది. ఈస్ట్ కణాల గోడ నుంచి తీసిన పొడికి ఆ బాధ లేదు. అందులోని మానన్లు అనే చక్కెర పదార్థాలు ఈ.కోలి, సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియాను తమకు అంటించుకుంటాయి. ఆ బ్యాక్టీరియా పేగు గోడను పట్టుకోకుండా రెట్టతో బయటికి పోతాయి. మేం ఎక్కువగా వాడేది ఈ పొడే, టన్ను దాణాకి కిలో చొప్పున. మిక్సర్‌లో నేరుగా పోయకుండా ముందు కొంచెం మొక్కజొన్న పిండితో కలిపి, తర్వాత వేస్తాం. బీరు ఫ్యాక్టరీల నుంచి వచ్చే ఎండు ఈస్ట్ మూడో రకం. దానిలో ప్రొటీన్ 40 శాతం పైనే ఉంటుంది, బి విటమిన్లు కూడా. దాన్ని మేతగానే లెక్కేసుకోవాలి.

2019లో కేంద్రం కోళ్లకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని నిషేధించాక ఇలాంటి వాటి మీద నాకు ఇంకా శ్రద్ధ పెరిగింది. మనం తినే మాంసంలోకి యాంటీబయాటిక్ రాకుండా చూడటం రైతుగా నాకు ముఖ్యం. అలాగని జబ్బు వచ్చాక ఈస్ట్ మందు కాదు, డాక్టర్‌ని పిలవాల్సిందే.

బూజు మొక్కజొన్న విషయంలోనూ చాలామంది ఈస్ట్‌ని నమ్ముకుంటున్నారు. కానీ మొక్కజొన్నలో ఆఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉంటే దాన్ని పట్టి ఉంచే బెంటొనైట్ లాంటి మట్టి బైండర్‌ మేలు. అన్నిటికన్నా ముందు తేమ 13 శాతం దాటిన సరుకు కొనకండి. మే నెల ఎండలకు కూడా ఈస్ట్ ఒక్కటే ఆసరా కాదు. నీటి తుంపర్లు చల్లే ఫాగర్లు, చల్లటి నీళ్లు, ఎలక్ట్రోలైట్లు తప్పవు.

లైవ్ ఈస్ట్ కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి. ఒక డీలర్ రేకుల గోదాములో ఎండాకాలమంతా ఉంచిన బస్తాలు మాకు అంటగట్టాడు. ఆ బ్యాచ్‌లో ఈస్ట్ వేసిన తేడాయే కనిపించలేదు. అనుమానం ఉంటే రాజేంద్రనగర్‌లోని వెటర్నరీ యూనివర్సిటీ వాళ్లని అడగడం మంచిది.

ఇంటిగ్రేషన్ రైతులు మాత్రం కంపెనీ దాణాలో సొంతంగా ఏమీ కలపకండి. అందులో ఇప్పటికే ఈస్ట్ ఉండొచ్చు, సూపర్‌వైజర్‌ని అడిగి చూడండి.