షుగర్ మందు గురించి టీవీ వార్తలా వచ్చే వీడియో చూసి ఆర్డర్ పెట్టకండి

ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లుండి, వాళ్ల చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంటే ఇది తప్పకుండా చదవండి. మా బాబాయి 2,490 రూపాయలు పోసి తెప్పించిన డబ్బా ఇప్పుడు నా ముందుంది. డబ్బు పోతే పోయింది, ఆ వీడియో మాట విని డాక్టరు రాసిన మాత్రలు మానేశారు. ఫాస్టింగ్ షుగర్ 260 దాటాక గానీ ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

వీడియో అచ్చం న్యూస్ బులెటిన్‌లా ఉంటుంది. మనందరికీ తెలిసిన తెలుగు చానల్ లోగో, కింద ఎర్ర స్క్రోలింగ్, రోజూ చూసే యాంకరమ్మ. తర్వాత పేరున్న డాక్టరు గారొకరు వచ్చి, షుగర్ మూడు వారాల్లో మాయమైపోతుందని, మందుల కంపెనీలు ఈ సంగతి తొక్కిపెట్టాయని చెబుతారు. నిజానికి వాళ్లిద్దరూ ఆ మాటలు అననే లేదు. పాత వీడియోకి ఏఐతో చేసిన గొంతు అతికించారు. పెదాలు గమనించండి. ప, బ, మ పలకాలంటే పెదాలు కలవాలి కదా, 'మాత్రలు మానేయండి' అన్నచోట ఆవిడ నోరు తెరిచే ఉంది. పైగా నడి వేసవిలో స్క్రోలింగ్‌లో భారీ వర్షాలట! అయితే పెదాలు సరిగ్గా కలిశాయి కదా అని రేపు ఇంకోదాన్ని నమ్మకండి, ఈ పనితనం రోజురోజుకీ మెరుగవుతోంది. 2024 జనవరిలో సచిన్ టెండూల్కర్ ఒక గేమింగ్ యాప్‌ని మెచ్చుకుంటున్నట్టు ఇలాంటిదే వస్తే, అది నకిలీ అని ఆయనే స్వయంగా చెప్పుకోవాల్సి వచ్చింది.

బాబాయి అమాయకుడేం కాదు. కూరగాయల బండి దగ్గర తూకం రెండుసార్లు వేయించే మనిషి. ఎందుకు నమ్మారంటే 'టీవీలో వచ్చిందిరా' అన్నారు. టీవీలో ఎక్కడొచ్చింది, వాట్సాప్‌లో వచ్చింది! అదీ ఫ్యామిలీ గ్రూపులో, మా మేనత్త కొడుకు పెట్టాడు. చాలా చేతులు మారిన మెసేజ్‌కి వాట్సాప్ రెండు బాణాల గుర్తు వేస్తుంది. కానీ మధ్యలో ఎవరైనా డౌన్‌లోడ్ చేసి మళ్లీ పెడితే ఆ గుర్తు పోతుంది. మా గ్రూపులోకి వచ్చేసరికి అది ఇంటి పిల్లాడు స్వయంగా తెచ్చిన వార్త అయిపోయింది. చానల్ మీద నమ్మకం, మేనల్లుడి మీద నమ్మకం రెండూ కలిశాక ఇక అడ్డేముంది?

వీడియో కింద లింక్ నొక్కితే ఒక దినపత్రిక వెబ్‌సైట్ లాంటిది తెరుచుకుంటుంది. నేను పైనున్న 'క్రీడలు' నొక్కాను, ఆర్డర్ ఫారం వచ్చింది. 'సినిమా' నొక్కాను, మళ్లీ అదే ఫారం. వార్త అనుకున్నదంతా దుకాణమే. ఆ ప్రకటన పెట్టిన ఫేస్‌బుక్ పేజీ వివరాల్లోకి వెళ్తే, దాని పాత పేరు ఏదో వంటల పేజీది.

క్యాష్ ఆన్ డెలివరీ కదా, ఏం పోతుందిలే అనుకుంటారు. డబ్బు కట్టాకే పార్శిల్ విప్పనిస్తారు, డెలివరీ కుర్రాడిని అని లాభం లేదు. డబ్బా వెనక చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో 'నాట్ ఫర్ మెడిసినల్ యూజ్' అని రాసుంది, పక్కన ఆహార పదార్థాలకిచ్చే ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు. అంటే కాగితం మీద అది మందే కాదు, ఫుడ్ సప్లిమెంట్. షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడాన్ని మన దేశంలో 1954 నాటి చట్టమే నిషేధించింది. వాపసు కోసం ఫోన్ చేస్తే ఎవరో 'హెల్త్ అడ్వైజర్' అట, కోర్సు మధ్యలో ఆపకూడదు, ఇంకో రెండు డబ్బాలు తీసుకోండి అంటుంది!

ఇలాంటిది కనబడితే ఆ చానల్ సొంత యూట్యూబ్ పేజీకి వెళ్లి అదే వార్త వెతకండి. అంత పెద్ద కబురు వాళ్ల దగ్గరే లేకపోతే ఇక అనుమానం అక్కర్లేదు. వార్త నిజమో కాదో చెప్పే ప్రభుత్వ విభాగం పీఐబీ ఫ్యాక్ట్ చెక్ కేంద్ర ప్రభుత్వానికి సంబంధించిన వాటినే చూస్తుంది, ఇలాంటి మందు వీడియోలకు కాదు గానీ మంత్రుల పేరుతో వచ్చే పెట్టుబడి వీడియోలకు అది పనికొస్తుంది. ఇప్పటికే కొన్నవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి. ఆన్‌లైన్లో డబ్బు కట్టి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు ఆపడం కష్టం. డబ్బా, కవరు మీద అతికించిన చీటీ, వీడియో లింకు పారేయకండి, ఫిర్యాదుకి అవే ఆధారం.