ఫంక్షన్‌కి క్యాన్ నీళ్లు చెప్పే అనంతపురం వాళ్లు ఒకసారి చదవండి

పోయిన నెల ఒక గురువారం మా చెల్లెలి శ్రీమంతం చేశాం. ఇంటి ముందే షామియానా వేసి, నూట ఇరవై మందికి భోజనాలు పెట్టాం. ఓలిగలు, చిత్రాన్నం, వంకాయ కూర, పప్పు, పెరుగన్నం, ఎండకు మజ్జిగ. నీళ్లకు మా వీధి చివరి ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్లు పద్నాలుగు తెప్పించాం. అందరూ బాగుందని చెప్పి వెళ్లారు.

శుక్రవారం రాత్రి పదకొండింటికి మేనత్త ఫోన్ చేసింది, ఐదుసార్లు విరేచనాలయ్యాయట. తెల్లారేసరికి మా ఇంట్లోనే నలుగురం బాత్రూం దగ్గర వరుస కట్టాం. శనివారం మధ్యాహ్నానికి లెక్కపెడితే ముప్పై మంది దాటారు. మా అవ్వకు డెబ్బై ఎనిమిదేళ్లు. కళ్లు లోపలికి పోయి, నాలుక ఎండిపోయి, పిలిస్తే పలకలేదు. రెండు రోజులు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది.

నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. తిన్నగా వంట మాస్టరుకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. ఇవ్వాల్సిన మూడు వేలు ఇవ్వనన్నాను. ఆయన ఒక్క మాటే అన్నాడు: "నా చేతి వంట తిని ఇంతవరకూ ఎవరూ పడల్యా సార్, నేనూ మా పిల్లోళ్లూ అదే తిన్యాం, మాకేం కాలేదే?"

ఆ మాటే మా డాక్టరుకు చెప్పాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "తిన్న ఎంతసేపటికి మొదలైంది?" అని. నిలవ పెట్టిన అన్నంలోనో, స్వీటులోనో బ్యాక్టీరియా విషం తయారైతే సాధారణంగా ఐదారు గంటల్లోనే వాంతులు పట్టుకుంటాయట. మాకు ఒకటిన్నర రోజు పట్టింది. అంటే సూక్ష్మజీవి పేగుల్లోకి వెళ్లి, అక్కడ పెరిగి, అప్పుడు పని మొదలుపెట్టి ఉండొచ్చు. నీళ్లను అనుమానించమన్నారు.

ఇంటికొచ్చి ఒక్కొక్కరినీ గుర్తుచేసుకున్నాం. మేనత్తకు గురువారం ఒక్కపొద్దు. ఆ రోజు రెండు అరటిపండ్లు, నీళ్లు, ఒక గ్లాసు మజ్జిగ తప్ప ఏమీ ముట్టలేదు. మొదట పడింది ఆమే! షామియానా విప్పడానికి వచ్చిన కుర్రాడు అన్నం తినలేదు, రెండు చెంబుల నీళ్లు తాగి వెళ్లాడు, వాడికీ అయ్యాయి. మా చెల్లెలు కడుపునిండా తిన్నది. కానీ గొంతు నొప్పని అమ్మ ఆమెకు మాత్రం కాచి చల్లార్చిన నీళ్లు వేరే చెంబులో పెట్టింది. తనకు ఏమీ కాలేదు, దేవుడి దయ. వంటవాళ్లు కొళాయి నీళ్లే తాగారు. వంటకు వాడింది కూడా ఆ క్యాన్ల నీళ్లే, కాకపోతే అవి పొయ్యి మీద మరిగాయి. మజ్జిగలో కలిపినవి మాత్రం పచ్చి నీళ్లు.

ఇంట్లో సీలు తీయని క్యాన్లు ఇంకా రెండు మిగిలాయి. తెలిసినాయన ఒకరు గ్రామీణ నీటి సరఫరా ల్యాబులో పనిచేస్తారు. ఆయన దగ్గర నీటి పరీక్షకు వాడే చిన్న సీసాలు నాలుగు తెచ్చుకున్నాను. పల్లెల్లో వాళ్లు వాడేవే. 1982లో గ్వాలియర్ రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ పరీక్షను రూపొందించారు. సీసాలో పసుపు రంగు మందు కాగితం ఉంటుంది. గీత దాకా నీళ్లు పోసి మూత పెట్టి వెచ్చటి చోట ఉంచాలి. మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా ఉంటే హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టి, మందులోని ఇనుముతో కలిసి నల్లగా మారుతుంది. ల్యాబుల్లోలా ఇంక్యుబేటర్ కావాలా అని అడిగితే ఆయన నవ్వి, మన ఊళ్లో ఈ నెలలో బీరువా మీద పెడితే చాలన్నారు.

రెండు క్యాన్ల నీళ్లు రెండు సీసాల్లో, కొళాయి నీళ్లు మూడో దాంట్లో, కాచిన నీళ్లు నాలుగో దాంట్లో పోశాను. మర్నాడు పొద్దున లేచి చూస్తే మొదటి రెండూ డికాక్షన్ మాదిరి నల్లగా ఉన్నాయి. మూత తీస్తే కుళ్లిన గుడ్డు వాసన. మూడోదీ నాలుగోదీ రెండు రోజులైనా రంగు మారలేదు. మేం ఇన్నేళ్లూ ముఖం చిట్లించుకుని బట్టలకూ గిన్నెలకూ వాడే మున్సిపల్ నీళ్లు ఆ రోజు డబ్బిచ్చి కొన్న నీళ్లకంటే శుభ్రంగా ఉన్నాయన్నమాట. ఈ పరీక్ష ఒక హెచ్చరిక మాత్రమే, ఏ బ్యాక్టీరియా, ఎంత అన్నది పెద్ద ల్యాబులోనే తేలుతుంది. కానీ నాకు అదే చాలు.

ఖాళీ క్యాన్లో చెయ్యి పెట్టి అడుగున వేలితో రుద్ది చూశాను. బెండకాయ జిగురులా జారింది. బయటి నుంచి చూస్తే అద్దంలా ఉంది. ఆ జిగురు పొరలోనే బ్యాక్టీరియా గూడు కట్టుకుని ఉంటుందట, ఉత్త నీళ్లతో తొలిపితే పోదు.

ప్లాంటుకు వెళ్లాను. ఓనరు మర్యాదగానే మాట్లాడాడు. జేబులోంచి టీడీఎస్ మీటరు తీసి గ్లాసులో ముంచాడు, 48 అని చూపించాడు. "చూడండి సార్, ఎంత ప్యూరో!" అన్నాడు. మనందరం మోసపోయేది ఇక్కడే. ఆ మీటరు నీళ్లలో కరిగిన ఉప్పులు, ఖనిజాలు ఎంతున్నాయో కరెంటు ప్రవాహాన్ని బట్టి చెబుతుంది. బ్యాక్టీరియాను అది చూడనే చూడదు. మురుగు చుక్క పడిన నీళ్లకూ అదే 48 చూపిస్తుంది.

ఆర్‌ఓ మిషన్లో నీళ్లను వడకట్టే సన్నటి పొర బ్యాక్టీరియాను ఆపదా అంటే, బాగుంటే ఆపుతుంది. కథంతా దాని తర్వాతే. ఆ మిషన్లో క్లోరిన్ కూడా పోతుంది. మున్సిపల్ నీళ్లలో కొళాయి దాకా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రమాణం, దారిలో ఏదైనా కలిసినా అది కాపాడుతుంది. ఆర్‌ఓ నీళ్లకు ఆ కాపలా ఉండదు. ట్యాంకులోనో, పైపులోనో, క్యాన్లోనో ఒక్కసారి బ్యాక్టీరియా పడితే అడ్డేం లేదు. నేను చూసిన చోట ట్యాంకుకు మూత లేదు. ఒకటే తొట్టి, ఒకటే నీళ్లు, అందులో పొద్దున్నుంచి వచ్చిన క్యాన్లన్నీ ముంచి తీస్తున్నాడు ఒక పిల్లోడు. పాత మూతలు గోనెసంచిలో ఏరి పెట్టుకున్నారు, మళ్లీ వాడటానికి. నీళ్లు పట్టే పైపు కొన నేల మీద, పక్కనే కాలువ.

బ్యాక్టీరియాను చంపే యూవీ లైటు ఉంది కదా అని అడిగితే, "ఉంది సార్, మూడేళ్లుగా ఆరిపోలేదు" అన్నాడు గొప్పగా. ఆ దీపాలను సుమారు తొమ్మిది వేల గంటలకు, అంటే ఏడాదికొకసారి మార్చాలి. ఆ తర్వాత నీలంగా వెలుగుతూనే ఉంటుంది, చంపే శక్తి మాత్రం తగ్గిపోతుంది.

ఈ-కోలి అనే మాట ఆ వారంలో వందసార్లు విన్నాం. నిజానికి అది మనందరి పేగుల్లోనూ ఉంటుంది, ఎక్కువ రకాలు మనల్ని ఏమీ చేయవు, కొన్ని మాత్రమే ఇలా కొంప ముంచుతాయి. నీళ్లలో దాన్ని ఎందుకు వెతుకుతారంటే, అది కనబడిందంటే ఎవరిదో మలం ఆ నీళ్లలో కలిసిందని అర్థం. అది వచ్చిన దారిలోనే కలరా, టైఫాయిడ్ కూడా రావచ్చు. అందుకే తాగునీటి ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడదు, సీలు వేసి అమ్మే నీళ్లకైతే 250 మిల్లీలీటర్లలో.

ఇంకో సంగతి. ఆ హడావుడిలో మా బావ మెడికల్ షాపుకెళ్లి మందుల చీటీ లేకుండా యాంటీబయాటిక్ బిళ్లలు తెచ్చి అందరికీ పంచాడు. డాక్టరు కోప్పడ్డారు. అవి పేగుల్లో మంచి బ్యాక్టీరియాను కూడా తుడిచిపెడతాయి, చాలామందికి అవసరమే ఉండదు. కావాల్సింది ఓఆర్ఎస్, అంటే ఒంట్లోంచి పోయిన నీళ్లనూ ఉప్పులనూ తిరిగిచ్చే పొడి. అదే షాపువాడు ఓఆర్ఎస్ అని ఏదో పండ్ల రసం డబ్బాలు ఇచ్చాడు, నిండా చక్కెర. పిల్లలు అలాంటివి తాగితే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో అలాంటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అని రాయొద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. పాత స్టాకు ఇంకా ఎక్కడైనా తగలొచ్చు. లీటరు నీళ్లలో కలుపుకునే పొడి ప్యాకెట్టు, డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్నది అడగండి. ఆ లీటరు కూడా కాచి చల్లార్చిన నీళ్లే అయి ఉండాలి.

క్యాన్ నీళ్లు మానేయమని నేను చెప్పను. మన జిల్లాలో బోరు నీళ్ల సంగతి తెలిసిందే, ఫ్లోరైడ్‌తో పళ్లు గారపట్టిన వాళ్లు, నడుములు వంగిన వాళ్లు ఎంతమంది లేరు! నీళ్లు కాస్తే ఫ్లోరైడ్ పోదు, దానికి ఆర్‌ఓ పనికొస్తుంది. కానీ కొనేటప్పుడు మీటరు చూపించినవాణ్ణి నమ్మకండి. క్యాన్ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉందా, తయారీ తేదీ ఉందా చూడండి. 2024 అక్టోబరులో ఐఎస్ఐ మార్కు తప్పనిసరి అన్న నిబంధన తీసేశారు గానీ, లైసెన్సు లేకుండా సీలు వేసి అమ్మడం ఇప్పటికీ తప్పే. మా క్యాన్ల మీద అతికించిన కాగితంలో దేవుడి బొమ్మ, ఫోన్ నంబరు తప్ప ఏమీ లేవు. అప్పుడు చూసుకోలేదు, నాదీ బుద్ధి తక్కువే. వీలైతే పది నిమిషాలు ప్లాంటుకు వెళ్లి, క్యాన్ ఎలా కడుగుతున్నారో ఒక్కటి చూసి రండి. ఫంక్షన్ అయితే మజ్జిగకూ, పసిపిల్లలకూ, గర్భిణులకూ ఒక గుండిగ నీళ్లు ముందురోజే తెర్లించి మూతపెట్టుకోండి. గ్యాసు ఖర్చు మా అవ్వ బిల్లు ముందు ఏపాటి. ఇంట్లో కుళాయి డబ్బా ఉంటే దాన్నీ వారానికోసారి తోమండి, మాది తోమి ఆర్నెల్లయింది, అబద్ధమెందుకు.

ప్లాంటు పేరు ఇక్కడ రాయను. ఫిర్యాదు నడుస్తోంది, పైగా ఈ ఒక్కటి చెబితే మిగతావన్నీ మంచివనుకుంటారు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైనుకు చెప్పాను, ఫుడ్ సేఫ్టీ ఆఫీసుకు రాసిచ్చాను. వాళ్లొచ్చి శాంపిళ్లు తీసుకెళ్లారు. ల్యాబు 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి, ఇవాళ తొమ్మిదో రోజు. వచ్చాక ఇక్కడే చెబుతాను.

నిన్న సాయంత్రం వంట మాస్టరు ఇంటికెళ్లి మూడు వేలు ఇచ్చి, క్షమించమన్నాను. ఆయన లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. టీ తాగమన్నాడు గానీ, కూర్చోమనలేదు.