నీళ్లు అక్కర్లేని మాత్ర, ఊడిరాని రేకు

నాలుక మీద కరిగే ఒండాన్‌సెట్రాన్ మాత్ర, 4 మిల్లీగ్రాములది, చాలా ఇళ్లలో ఒక స్ట్రిప్పు ఉంటుంది. పిల్లలకు వాంతులైతేనో, ఘాట్ రోడ్డు ప్రయాణం ఉంటేనో బయటికి తీస్తారు. నాకు అది రెండేళ్లు దాటి నిత్యావసరం. పుండు మానిన చోట మచ్చకట్టి జఠరం కింది ద్వారం మూసుకుపోవడంతో ఇక్కడ చెన్నైలోనే ఆపరేషన్ చేసి కింది భాగం తీసేశారు. నొప్పి పోయింది. వికారం మాత్రం ఉండిపోయింది. పొద్దున లేస్తూనే కడుపులో దేవినట్టు మొదలవుతుంది, కొన్ని రోజులు మధ్యాహ్నానికి తగ్గుతుంది, కొన్ని రోజులు అసలు తగ్గదు.

ఈ మాత్రలో నేను ప్రాణంగా చూసుకునే గుణం ఒక్కటే: నీళ్లు అక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఇది చిన్న సౌకర్యంలా కనిపిస్తుంది. మిగిలిన జఠరం కాస్తంతే ఉన్నవాళ్లకు గుక్కెడు నీళ్లే పెద్ద పరీక్ష. భోజనానికీ నీళ్లకూ మధ్య అరగంట ఎడం ఉంచమని డైటీషియన్ మొదటి రోజే చెప్పారు. అలాంటిది అసలే తిప్పుతున్న కడుపులోకి నీళ్లతో మామూలు మాత్ర పంపితే, గొంతు దిగీ దిగకముందే రెండూ కలిసి బయటికి వచ్చేవి. మాత్ర లోపల పడిందా, వాంతిలో పోయిందా, ఇంకొకటి వేసుకోవచ్చా? వాష్‌బేసిన్ పట్టుకుని నిలబడి తేల్చుకోవలసిన లెక్క అది. వాంతికి ముందు నోట్లో నీళ్లు ఊరతాయి కదా, ఆ ఊట మొదలైతే నాకు కాళ్లలో వణుకు పుడుతుంది. ఈ మాత్ర ఆ ఊటలోనే కరిగిపోతుంది. కాస్త తియ్యగా, పుదీనా వాసనతో సుద్దపొడిలా విడిపోతుంది, మింగేస్తే సరి.

అల్లం తినమని చెప్పనివాళ్లు లేరు. బస్సుల్లో అమ్మే అల్లం మురబ్బా, సొంఠి కషాయం, ఉప్పులో వేసిన ఉసిరికాయ అన్నీ చూశాను. వాటిని తీసిపారేయను. తేలికగా ఉన్న రోజున నిమ్మతొక్క వాసన నాకూ హాయిగానే ఉంటుంది. గట్టిగా పట్టుకున్న రోజున అవి ఆనవు.

ఇక నా కోపం సంగతి. అది మందు మీద కాదు, దాన్ని చుట్టిన రేకు మీద.

వేళచ్చేరి నుంచి మైలాపూరు వరకు ఎలక్ట్రిక్ రైల్లో ఆఫీసుకు వెళతాను. కిందటి ఈశాన్య రుతుపవనాల్లో, జోరున వాన పడుతున్న రోజు, పెట్టెలో తడి బట్టల వాసన, గొడుగుల నీళ్లు, గంపల్లో మల్లెపూలు. మల్లెపూలంటే నాకెంతో ఇష్టం, కానీ వికారానికి ఇష్టాయిష్టాలు తెలియవు. కోట్టూర్‌పురం దాటగానే నోట్లో ఊట మొదలైంది. సంచిలో నుంచి స్ట్రిప్పు తీశాను. నొక్కి బయటికి తీయవద్దు, మూల పట్టి వెనుక రేకు ఒలవండి అని దాని మీదే రాసి ఉంటుంది, ఎందుకంటే ఈ మాత్ర మామూలు మాత్రలా గట్టిగా ఉండదు. మూల పట్టి లాగాను. ఆవగింజంత ముక్క చిరిగి చేతికి వచ్చింది, మిగతాది కదల్లేదు. గోరుతో గీకాను. చేతులు చెమటతో జారిపోతున్నాయి. చివరికి బొటనవేలితో నొక్కితే మాత్ర లోపలే పొడైపోయింది, రేకు తెరుచుకునేసరికి ఆ పొడి ఒళ్లో రాలింది. రెండో గుంటదీ అదే కథ.

"అయ్యో దేవుడా" అని పైకే అన్నట్టున్నాను. పక్కన పూలగంపతో కూర్చున్న పెద్దావిడ తలతిప్పి, "ఏమ్మా, మన తెలుగమ్మాయివా? ఇట్లా ఇవ్వు" అంది. దారం కత్తిరించుకునే చిన్న కత్తెర తీసి, మాత్రకు తగలకుండా గుంట చుట్టూ రేకును కత్తిరించి, తడి తగలని మాత్రను నా అరచేతిలో పెట్టింది. పూలగంపను కాళ్లతో అవతలికి జరిపింది కూడా, నేను అడగకుండానే. మందవెళి వచ్చేదాకా నా వీపు మీద చెయ్యి తీయలేదు. మైలాపూరులో ఇద్దరం దిగాం. నేను నా కాళ్ల మీదే ఆఫీసుకు నడిచి వెళ్లాను.

అప్పటి నుంచి నా సంచిలో మొనలేని చిన్న కత్తెర ఒకటి ఉంటుంది. అసలు కత్తెర ఎందుకు కావాలి? వికారంతో చెయ్యి వణికే మనిషి కోసం చేసిన మాత్ర ఇది. ఆ చేతికి లొంగని రేకులో పెడితే నీళ్లు అక్కర్లేదన్న మేలంతా అక్కడే ఆగిపోతుంది. పోనీ ముందే విప్పి డబ్బాలో వేసుకుందామా అంటే కుదరదు. లాలాజలానికే కరిగే వస్తువు చెన్నై తేమకు ఆగుతుందా? వేసుకునే ముందు మాత్రమే తెరవాలని మందుల షాపాయన కూడా గట్టిగా చెప్పారు. కంపెనీ మార్చాను. కొత్తదాని రేకు మూల దగ్గర కొంచెం విడిగా ఉంటుంది, సులువుగా ఒలుస్తుంది. మందు అదే, మోతాదు అదే.

మాత్ర పనితీరు గురించి రెండు మాటలు. నాలుక మీద కరిగినంత మాత్రాన నాలుక నుంచే రక్తంలోకి పోదు. లాలాజలంతో పాటు కిందికి దిగి, పేగుల్లోనే ఒంటికి పడుతుంది. అందుకని మామూలు మాత్ర కంటే త్వరగా పనిచేయదు. నాకు సుమారు అరగంట పడుతుంది, ఆ అరగంట భరించాలి. పేగుల్లో విడుదలయ్యే సెరటోనిన్ అనే రసాయనం మెదడుకు పంపే వాంతి సంకేతాన్ని ఇది అడ్డుకుంటుంది, అంతవరకే. కదలని కడుపును కదిలించదు. కింది ద్వారం లేదు కాబట్టి నాకు తీపి ద్రవాలు గబగబా పేగులోకి జారిపోతాయి, గట్టి అన్నం మాత్రం అక్కడే నిలుస్తుంది. ఒక గృహప్రవేశంలో బలవంతం మీద పాయసం తాగాక చెమటలు, గుండెదడ, కడుపులో తిప్పడం ఒకేసారి ముంచుకొచ్చాయి. డంపింగ్ అంటారు దాన్ని. ఆ పూట మాత్ర నాకేమీ చేయలేదు. వాళ్ల పడకగదిలో కాసేపు పడుకుంటే సర్దుకుంది. ఈ మాత్రతో గెలిచే పోరు కాదది, కొద్దికొద్దిగా ఆరుసార్లు తినడం, తీపి మానడం తప్ప దారి లేదు.

మలబద్ధకం మరో చిక్కు. రోజూ వేసుకున్న నెలల్లో అది ఎంత ముదిరిందంటే, కడుపు బిగిసి ఆ బిగువుకే మళ్లీ వికారం వచ్చేది. అందుకే ఇప్పుడు డాక్టరు రోజువారీ వాడకం ఆపించి, అవసరమైన రోజుకు మాత్రమే అన్నారు. గుండె లయ మీద దీని ప్రభావం ఉండవచ్చని మొదట్లోనే ఈసీజీ తీయించారు. భోజనానికి ముందు, కడుపును కదిలించే డోంపెరిడోన్ అనే మందు కూడా వేసుకుంటున్నాను, రెండూ ఆ విషయంలో ఒకే తోవవి కావడంతో మళ్లీ ఒకసారి తీయించారు. నాది బాగానే ఉంది. ఇంట్లో ఎవరికైనా గుండె లయ తేడా ఉన్నా, వేరే మందులు వాడుతున్నా ఈ ముక్క డాక్టరును అడగకుండా నా మాట పట్టుకుని కొనవద్దు.

నాకైతే ఇది లేకపోతే ఉద్యోగం నిలిచేది కాదు. అయితే నాది కూర్చుని చేసే పని, ఆఫీసులో పడుకోవడానికి చోటుంది, ఇంట్లో జావ కాచి పెట్టే అత్తయ్య ఉన్నారు. ఎండలో నిలబడి పనిచేసేవాళ్లకు ఆ అరగంట ఆలస్యం నా కంటే భారంగా ఉంటుందేమో. కొనేవాళ్లు షాపు కౌంటరు దగ్గరే స్ట్రిప్పు మూల ఒకసారి గోటితో లేపి చూడండి. లేవకపోతే వేరే కంపెనీది అడగండి.