మిద్దెకు సున్నమా, కూల్ టైల్సా?

తిరుపతి ఎండలకు పై గది రాత్రి 10 దాటినా సెగలు కక్కుతుంటే తప్పు శ్లాబుదే. పగలు పీల్చిన వేడిని మెల్లగా కిందికి వదులుతుంది. తెల్లటి సున్నం పూతైనా, మిద్దెపై పరిచే తెల్లటి కూల్ టైల్సైనా ఎండను వెనక్కి కొట్టి ఆ వేడిని తగ్గిస్తాయి.

సున్నం చవక. కిలో సున్నానికి 5 లీటర్ల నీళ్లు. ఉడుకుతుంది, కళ్లు జాగ్రత్త. రాత్రంతా నానాక వడగట్టి, కాస్త ఫెవికాల్ కలిపి, తడిపిన శ్లాబు మీద పల్చగా రెండు పూతలు వేయాలి. మందంగా పూస్తే పెచ్చులు లేస్తాయి. అక్టోబరు, నవంబరు వానలకు చాలావరకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా ఇదే పని.

టైల్స్ ఏళ్లకేళ్లు ఉంటాయి. కానీ కింద వేసే అంగుళం మాలు బరువునూ శ్లాబే మోయాలి. నీళ్లు పారేలా 10 అడుగులకు అంగుళంన్నర వాటం ఇవ్వాలి. సందుల్లో గ్రౌట్ నిండకపోతే నీళ్లు లోపలికి దిగి, ఉరుపు ఎక్కడిదో అంతుపట్టదు.

పాత మిద్దెకు నేనైతే సున్నమే అంటాను. దుమ్ము పేరుకుంటే మాత్రం రెండూ ఒకటే, చీపురు తప్పదు.