43 ఇంచుల టీవీ: సినిమాకు ఓకే, గేమ్‌లకు జర చూస్కోండ్రి

దసరాకు నల్గొండ క్లాక్ టవర్ కాడ షాపుల తీస్కున్నం, సినిమాలకు బొమ్మ మస్తుంది గానీ పీఎస్5 గేమ్ కన్సోల్ పెట్టి క్రికెట్ ఆడితే బటన్ ఒత్తినంక బ్యాట్ లేటుగ లేస్తుండె, తమ్ముడు ప్రతి ఫాస్ట్ బాల్‌కు బౌల్డే, పాపం రెండు రోజులు కంట్రోలరే ఖరాబైందనుకున్నడు. అసలు సంగతి ఇన్‌పుట్ ల్యాగ్, అంటే బటన్ ఒత్తినంక తెర మీద కనవడేదాంక అయ్యే లేటు. టీవీ బొమ్మను సాపు చేసి చూపించేసరికి ఆలస్యమైతది. 60 హెర్ట్జ్‌ల, అంటే సెకనుకు 60 బొమ్మలు వస్తే, ఒక్క ఫ్రేమ్ (ఒక్క బొమ్మ) 16.7 మిల్లీసెకండ్లే, నాలుగైదు ఫ్రేములు పోతే ఇంకేం టైమింగ్ ఉంటది?

టీవీ సెట్టింగ్‌లల్ల గేమ్ మోడ్ ఆన్ చేసి, మోషన్ స్మూతింగ్ (కదిలే బొమ్మను సాపు చేసేది) బంద్ చేసినంక చానా ఫరక్ వచ్చింది, కలర్ జర తగ్గింది. డబ్బా మీద రాసే రెస్పాన్స్ టైమ్ (తెర మీది చుక్క రంగు మారే టైమ్) వేరు, ఇన్‌పుట్ ల్యాగ్ వేరు, షాపాయన రెండూ ఒకటే అన్నడు. ఆటల కోసమైతే కన్సోల్ తీస్కపోయి అక్కడ్నే ఆడి చూసి కొనుండ్రి.